పటేలు ఇంట్లో పూజలందుకున్న చావి

హైదరాబాద్‌లో మా మ్యూజియంలో ఆయుధాల గదిలోకి వచ్చినవాళ్ళు ముందు తుపాకుల దగ్గరికి పోతారు. తర్వాత కత్తుల దగ్గరికి. ఆ తర్వాత బయటికి. ఈ రెండింటి మధ్యా గోడవారగా ఒక అద్దాల బీరువా ఉండేది. దాని ముందు ఎవరైనా ఆగారంటే చెప్పు తెగి ఆగినట్టే. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం నేను చూసుకున్నది ఆ బీరువానే.

అందులో ఉన్నవి తుపాకులు కావు, మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి యూరప్ తుపాకుల సరంజామా. తుపాకిమందు పోసుకునే దుప్పికొమ్ము బుడ్లు, సీసపు గుండ్లు పోతపోసే అచ్చులు, ఒక్కో కాల్పుకు సరిపడా మందు నింపి తోలుపట్టీకి వేలాడదీసుకునే చెక్క గొట్టాలు, బరువైన తుపాకిని ఆనించుకునే పంగలకర్ర. నాకు ముందు పనిచేసిన పెద్దాయన ఎవరో ఒక మందుబుడ్డికి 'అత్తరు సీసా' అని చీటీ రాసి పెట్టారు. ఆ చీటీ చదివి అద్దానికి ముక్కు ఆనించిన సందర్శకులను నా కళ్ళతో చూశాను. ఆ చీటీ మార్పించడానికి నేను పడ్డ పాట్లు చెప్పాలంటే అదే ఒక పుస్తకమవుతుంది.

వాటిని ఎలా వాడేవారో చెప్పడానికి వాటి సొంతదారులు లేరు. చెప్పేవి బొమ్మలే. ఆ కాలపు యూరప్ చిత్రకారులు సైనికులకు కవాతు నేర్పడానికి ఒక్కో కదలికకూ ఒక్కో బొమ్మ చెక్కి అచ్చువేశారు. ఒకడు మందు పోస్తుంటాడు, ఇంకొకడు నిప్పంటించిన తాడును ఊదుతుంటాడు. దొరలు నిలువెత్తు చిత్రాలు గీయించుకునేటప్పుడు మందుబుడ్డి కూడా నడుముకు తగిలించుకుని నిలబడేవారు. ఆ బొమ్మల్లో మొహాలను అందరూ చూస్తారు, నేను నడుములు చూసేవాణ్ణి. ఏ సామాను ఎక్కడ వేలాడుతోంది, ఏ తాడుతో కట్టారు, చెయ్యి ఎలా అందుతుంది అని. మా ఇంట్లో దీన్ని ఉద్యోగం అనుకోవడానికి కొంతకాలం పట్టింది.

ఇప్పుడు రిటైరై బాన్సువాడలో ఉంటున్నాను. పొద్దున నడక అయ్యాక బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు పక్కన కూర్చుంటారు. తుపాకుల మధ్య పనిచేశానని తెలియగానే "ఎప్పుడన్న కాల్చిండ్రా సార్?" అని అడుగుతారు. కాల్చలేదు అంటే వాళ్ళ మొహాలు వాడిపోతాయి. అందుకని వాళ్ళకు ఈ సంగతి చెప్తుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మనకు తెలిసిన నిజం ఎవరికైనా చెప్పెయ్యాలని నోరు దురద పెడుతుంది. ఆ నిజం ఎవరి నెత్తిన పడుతుందో చూసుకోవాలని నాకు తెలిసింది రిటైరవడానికి కాస్త ముందు మాత్రమే.

దసరా వెళ్ళి, వరికోతలు మొదలైన రోజులు. మా పై అధికారిణి నన్ను పిలిచి, "మీది ఆ వైపే కదా, వెళ్ళి చూసి రండి" అన్నారు. సంగతి ఇది. కోటగిరి వైపు ఒక ఊళ్ళో పాత పటేలు ఇంట్లో తాతలనాటి చావి ఒకటి ఉంది. మద్నూర్ అవతలి నుంచి వచ్చిన ఒక స్వామి దాన్ని చూసి, అది నిధి పెట్టె తాళంచెవి అనీ, ఆ పెట్టె ఇంటి వెనక జాగాలో భూమిలో ఉందనీ చెప్పాడు. ఆ జాగాలో ఒక ముసలమ్మ మట్టి ఇల్లు ఉంది. పటేలు దాన్ని తవ్విస్తానంటున్నాడు. ముసలమ్మ వచ్చి తహసీల్ ఆఫీసు వరండాలో కూర్చుని లేవనంటోంది.

తహసీల్దారు ఫోన్లో నాతో సూటిగానే మాట్లాడాడు. "సార్, జాగా ఇంకా పటేలు పేరు మీదనే ఉంది. ఆ చావి ఏంటిదో మీరు తేల్చి రాసిస్తే నేను ఆపగలను. లేకుంటే నా చేతుల్లో ఏమీ లేదు."

నాతో మా ఫొటోగ్రాఫర్ వచ్చింది. నాకంటే చాలా చిన్నది. పాత వస్తువును చూస్తే చాలు, పండక్కి కొత్తబట్టలు చూసిన పిల్లలా గంతులేస్తుంది. ఆమె సంతోషం చూసే నేను ఆ ఉద్యోగంలో చివరి ఏళ్ళు విసుక్కోకుండా గడిపాను. బాన్సువాడ దాటాక రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పక్కనుంచి, ఎదురొచ్చే ట్రాక్టర్లకు దారి ఇచ్చుకుంటూ, కాలువ గట్టు వెంబడి ఆ ఊరు చేరాం.

పటేలు అరవై దాటిన సన్నటి మనిషి. గుప్తనిధుల పిచ్చివాడంటే కళ్ళెర్రజేసి అరిచే మనిషి ఎదురవుతాడనుకున్నాను. ఈయన గేటు దాకా ఎదురొచ్చాడు.

"రాండ్రి సారు. మీరు బాన్సువాడోళ్ళేనట గద. ఇగ నాకు ఫికర్ లేదు. మనోళ్ళయితె మంచిగ చెప్తరు."

ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చింది. ఆయన కాళ్ళు కడుక్కుని లోపలికి పోయి, ఇత్తడి పళ్ళెంలో ఎర్రగుడ్డ కప్పి ఒక వస్తువు తెచ్చాడు. గుడ్డ తీశాడు. జానెడు పొడవున్న ఇనుప పిడి, ఒక చివర చిన్న ఉంగరం, రెండో చివర పక్కలకు చాచిన రెండు పొట్టి చెవులు. పిడి మీద సన్నటి తీగల నగిషీ. మొత్తం వస్తువు మీద ఏళ్ళ తరబడి పెట్టిన పసుపూ కుంకుమా గట్టిపడి పొక్కుల్లా ఉంది. చెవుల్లో ఉండవలసిన రంధ్రాలు ఆ పసుపుతోనే పూడిపోయాయి.

నేను ఇంకా కళ్ళద్దాలు పెట్టుకుంటున్నాను. మా ఫొటోగ్రాఫర్ నోరు ఆగలేదు. "సార్! ఇది మన దగ్గర కూడా లేదు! అంత పెద్ద మ్యూజియంలో లేదు సార్!"

పటేలు ఆ మాటను రెండు చేతులతో అందుకున్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. భార్య వైపు తిరిగి, "విన్నవా? మ్యూజియంల గూడ లేదట," అన్నాడు.

అదేమిటో నాకు చూడగానే అర్థమైంది. వెనకటి యూరప్‌లో నిప్పుతాడు అక్కర్లేని ఒక రకం తుపాకి ఉండేది. దానికి పక్కన ఒక ఉక్కు చక్రం, లోపల గట్టి స్ప్రింగు. మీట నొక్కితే చక్రం గిర్రున తిరిగి రాయికి రాసుకుని నిప్పురవ్వలు రాల్చేది. కాల్చే ప్రతిసారీ ముందుగా ఆ చక్రాన్ని బిగించి పెట్టుకోవాలి. బిగించడానికి చదరపు రంధ్రం ఉన్న ఒక పనిముట్టు కావాలి. మా రికార్డుల్లో దాన్ని స్పానర్ అంటాం, బాన్సువాడ మెకానిక్కులు పానా అంటారు. అది పోతే అంత ఖరీదైన తుపాకీ ఉత్త కట్టె కింద లెక్క. అందుకని గుర్రపు రౌతులు దాన్ని మెడలోనో నడుముకో వేలాడదీసుకునేవారు. అలాంటి వస్తువు కాలువల కింద వరి పండించుకునే ఊరికి ఎలా వచ్చిందంటే నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

కానీ బొమ్మలతో పోల్చి చూసుకోకుండా మాట అనకూడదని మా వృత్తిలో ఒక పద్ధతి. "చూసి చెప్తాను పటేలా" అని కొలతలు తీసుకున్నాను. ఆమె ఫొటోలు తీసింది. ఆ మధ్యలో పటేలు తనంతట తానే చెప్పుకొచ్చాడు.

"మా బాపుకు ఇద్దరం కొడుకులం సారు. పాళ్ళు పంచినప్పుడు కాలువ కింది మంచి పొలమంత అన్నకిచ్చిండు. నాకు నీళ్ళెక్కని మెరక చెలక, గీ పాత ఇల్లు. గిదేం నాయం అని పెద్దమనుషులే అన్నరు. అప్పుడు బాపు లోపటికి పోయి గీ చావి తెచ్చి నా చేతుల పెట్టిండు. 'అన్నకు పొలం, నీకు గిది. నమ్మకమున్నోనికే ఇయ్యాలె గిది' అన్నడు. ఇగ నేను మాట్లాడలే. సంతకం పెట్టిన."

ఆయన గుడ్డ అంచును వేళ్ళతో సర్దుతూ ఆగాడు.

"ఊళ్ళె నన్ను పిచ్చోనిలెక్క చూసిండ్రు. చావి తీస్కొని పొలం ఇడిసిండు అని నవ్విండ్రు. నవ్వనియ్యి. ప్రతి దసరాకు పూజ చేస్తున్న. బాపు మాట ఊకె పోదు సారు."

నేను మళ్ళీ కొలతల పుస్తకంలోకి తల దూర్చాను. ఇంకేం చెయ్యను?

వెనకవైపున ముసలమ్మ ఇల్లు. పచ్చ సున్నం వేసిన రెండు గదులు, తలుపు మీద తెల్ల రంగుతో గీసిన సిలువ. ఆమె భర్త ఈ పటేలు తండ్రి, పెద్దపటేలు దగ్గర జీతానికి ఉండేవాడు. "గీ జాగల ఇల్లేసుకో" అని పెద్దపటేలు నోటిమాటగా చెబితే వేసుకున్న ఇల్లు. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది, ఇప్పటికీ నాట్లకు పోతోంది. మేం వస్తున్నామని తెలిసి తహసీల్ వరండా వదిలి వచ్చిన ఆమె, మమ్మల్ని చూసి అరుగు దులిపింది.

"సారూ, నా ఇంటి కింద ఏమున్నయో నాకెరుకే. ఎలుకలున్నయి. పెట్టెలు గిట్టెలు ఉంటె నేను గిట్ల ఉంటనా?" అంది. నవ్వి, పక్కనున్న గోడ మీద చెయ్యి వేసింది. "మట్టిగోడ సారు. పక్కపొంట గడ్డపార దిగితె నిలుస్తదా? గీ వయసుల మల్ల గోడలు పెట్టే తాకత్ నాకు లేదు. ప్రభువు ఏం జేస్తడో, మీరేం జేస్తరో."

ఆమె ప్రభువుతో కలిపి నన్ను ఒకే వాక్యంలో చెప్పడం నాకు మోయలేనంత బరువైంది.

హైదరాబాద్ తిరిగొచ్చి నేను తీరిగ్గా పుస్తకాలు ముందేసుకున్నాను. చెప్పానుగా, పద్ధతి. గుర్రం మీద కూర్చుని చక్రం బిగిస్తున్న రౌతు బొమ్మ దొరికింది. నడుముకు పట్టుతాడుతో ఇలాంటిదే వేలాడదీసుకున్న దొర చిత్రమూ దొరికింది. తాపీగా నివేదిక రాసుకుంటుండగా తహసీల్దారు ఫోను.

"సార్, గొయ్యి తీసిండు. ముసలమ్మ వెనకగోడకు ఆనుకుని. గోడ నెర్రెబారింది. మీరు వచ్చిపోయినంక ఊరంతా 'మ్యూజియంల గూడ లేని చావి' అనే మాటే. స్వామి అమావాస్యకు ముహూర్తం పెట్టిండట, ఆ రోజు లోపలి గది తవ్వుతరట. జర జల్ది రండి."

నేను ఆ మాట మా ఫొటోగ్రాఫర్‌కు చెప్పాను. ఆమె, "నేనే కదా సార్" అంది. నిజానికి ఇది మా వాళ్ళందరికీ ఉన్న జబ్బు. పాత వస్తువు దొరికితే అపురూపం, అరుదు, ఎక్కడా లేదు అంటూ మురిసిపోతాం. వినేవాళ్ళకు ఆ మాటలు మరోలా వినిపిస్తాయని తట్టదు. నేను నోరు తెరవకుండా కూర్చున్నది కూడా అంతే నష్టం చేసింది. అపార్థానికి నేను వారం రోజులు గడువిచ్చాను.

అమావాస్యకు ముందు రోజు మళ్ళీ బయల్దేరాం. జీపులో ఆమె, "సూటిగా చెప్పేద్దాం సార్, అది పానా అని. అవ్వ ఇల్లు మిగులుతుంది," అంది.

"చెప్తే ఇల్లు మిగులుతుంది. పటేలుకేం మిగులుతుంది?" అన్నాను. ఆయన కాలువ కింది పొలం వదులుకుని తీసుకున్నది ఒక పానా. తండ్రి తనను నమ్మకస్తుడన్నాడని ఊరి నవ్వులన్నీ భరించాడు. అది దేన్నీ తెరవదని చెబితే, తండ్రి తనకు ఒక ఇనుపముక్క అంటగట్టి మోసం చేశాడని చెప్పినట్టే. ఆ మాట ఆయన మొహం చూస్తూ అనాలంటే నాకు నిజంగా భయం వేసింది. ఆమెకూ అర్థమైంది.

పటేలు ఇంటి హాల్లోనే కూర్చున్నాం. ముసలమ్మ కూడా వచ్చి గడప అవతల అరుగు మీద కూర్చుంది. ఆమె ఇంటి సంగతి తేలే రోజు కదా. నేను ఇక సాగదీయలేదు.

"పటేలా, ఇది తాళం తీసే చావి కాదు. తుపాకి చక్రం బిగించే పానా."

"పానానా?" అన్నాడాయన. "ట్రాక్టరు పానా అసుంటిదా?"

"అసుంటిదే. చాన పాతది, చాన మంచి పనితనమున్నది. కానీ పానానే."

నేను తెచ్చిన బొమ్మలు ఆయన ముందు పరిచాను. రౌతు బొమ్మ, దొర చిత్రం, ఇంకా నాలుగైదు. ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. కళ్ళద్దాలు తెప్పించుకుని ఒక్కో బొమ్మనూ దీక్షగా చూశాడు. చివరికి రౌతు బొమ్మనూ దొర చిత్రాన్నీ పక్కపక్కన పెట్టాడు.

"సారు, గీ బొమ్మల తాడు ఎడమ నడుముకున్నది. గీ బొమ్మల కుడి నడుముకున్నది. గీడ ఎడమ చేత్తోని బిగిస్తుండు, గీడ కుడి చేత్తోని పట్టుకున్నడు. గీసినోనికే తెలువకపాయె. గిసుంటి బొమ్మలు చూసి నా బాపు మాట అబద్ధమంటరా?"

ఆ ప్రశ్న మా దగ్గర పనిచేసే డిగ్రీల వాళ్ళలో కూడా అడిగినవాళ్ళు తక్కువ. పటేలు మీద నాకు గౌరవం పెరిగింది, దాంతో పాటు చెమటా పట్టింది. చుట్టూ చూస్తే నీళ్ళ చెంబు కనబడింది. "మీ కుడిచెయ్యి చెంబుల ముంచి గా గోడకు అద్దుండ్రి" అన్నాను.

ఆయన విడ్డూరంగా చూసి, అలాగే చేశాడు. సున్నం గోడ మీద తడి చెయ్యి పడింది.

"ఇప్పుడు అరచెయ్యి మీ దిక్కు పెట్టుకుని చూడుండ్రి. బొటనవేలు ఎటున్నది?"

"కుడికి."

"గోడ మీద?"

ఆయన గోడ చూశాడు, చెయ్యి చూశాడు. "ఎడమకు," అన్నాడు మెల్లగా.

"ఈ రౌతుది రేకు మీద చెక్కి కాయితం మీద అద్దిన బొమ్మ. చెక్కినోడు సరిగ్గనే చెక్కిండు, అద్దితె తిరగబడ్డది. గా రెండోది రంగులతోని గీసింది, అద్దింది కాదు. అందుకే సక్కగున్నది."

తడి చెయ్యి ఆరిపోయేదాకా ఆయన గోడ వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయనకు అర్థమైంది. కానీ అర్థమవడం వేరు, ఒప్పుకోవడం వేరు. "బొమ్మలు ఎట్లన్న కానీ. పానా అయితె దేనినన్న బిగించి చూపెట్టుండ్రి," అన్నాడు.

న్యాయమైన మాట. హాల్లో గోడకు పాత గడియారం ఉంది, చావి తిప్పితే నడిచే రకం. దాని తలుపు తెరిస్తే ముళ్ళ కింద చిన్న చదరపు మొల కనబడింది. మన వస్తువు చెవుల్లో చిన్న రంధ్రం దానికి సరిపోవచ్చు. అయితే ఆ రంధ్రంలో పసుపు రాయిలా బిగిసింది.

"గీకాలె పటేలా. మీరు సరేనంటేనే."

ఆయన పళ్ళానికి దండం పెట్టుకుని తల ఊపాడు.

ఇలాంటి పని ఇనుప సూదితో చెయ్యకూడదు. మా ఫొటోగ్రాఫర్ వెదురు పుల్ల చెక్కి, గోరువెచ్చని నీళ్ళు ఒక్కో చుక్క వేస్తూ మెత్తబరిచి తీసింది. తీసిన ప్రతి పెళ్ళనూ పారేయకుండా తెల్ల కాగితం మీద వరసగా పెట్టింది. అది కూడా మా పద్ధతే, గీకినదాన్ని దేన్నీ పారేయం. పైన పచ్చటి పసుపు, దాని కింద మట్టిరంగు, అడుగున నల్లగా జిగురుగా ఇంకేదో. అంతా తీశాక చదరపు రంధ్రం బయటపడింది.

నేను దాన్ని గడియారం మొలకు తగిలించాను. కొంచెం వదులుగా ఉన్నా పట్టింది. మెల్లగా తిప్పాను. లోపల స్ప్రింగు కిర్రుమంటూ బిగుసుకుంది. ఆ చప్పుడు హాల్లో అందరికీ వినబడింది.

"నువ్వు తిప్పి చూడు పటేలా" అన్నాను. 'మీరు' అనడం కూడా మరిచిపోయాను.

ఆయన లేచి వచ్చి తానే తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. చెయ్యి తీసేసి, వస్తువును జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టి, వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఆయన భార్య తలుపు చాటున కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ముసలమ్మ ఇల్లు ఆ క్షణంలో మిగిలింది. నాకు మాత్రం ఏమీ సంతోషం కలగలేదు.

"సారు," అన్నాడు పటేలు. "ఒక్కటి చెప్పుండ్రి. మా బాపుకు ఎరుకనా? గిది పానా అని ఎరుకుండే నాకిచ్చిండా?"

నేను భయపడిన ప్రశ్న అదే. అబద్ధం చెప్పవచ్చు. ఎరుక లేదు అని రెండు మాటలు అనేస్తే ఆయన బతికిపోతాడు. కానీ అంతసేపూ ప్రతి మాటకూ రుజువు చూపించిన నోటితో రుజువు లేని మాట అంటే ఆయన పట్టేస్తాడు. "నాకు తెల్వదు పటేలా," అన్నాను. ఉద్యోగ జీవితంలో అంత చేదుగా అనిపించిన మాట ఇంకొకటి లేదు.

అప్పుడు మా ఫొటోగ్రాఫర్ ఆ తెల్ల కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఇది చూడండి. పైన ఉన్నది మీరు పెట్టిన పసుపు. ఈ అడుగుది మీది కాదు. నల్లగా ఉంది, నూనెలో కలిపి పెట్టినట్టుంది. మీరు నూనె కలుపుతారా?"

"లేదు. నేను నీళ్ళల్లనే కలుపుత."

ఆయన ఆ నల్ల పెళ్ళను వేళ్ళతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తడి తగిలిందేమో, ఏదో పాత వాసన. "ఆముదం లెక్కున్నది," అన్నాడు అనుమానంగా.

గడప అవతలి నుంచి ముసలమ్మ లేచింది. తన ఇంటి మీదికి గడ్డపార తెచ్చిన మనిషి కుంగిపోతుంటే ఆమె చూస్తూ ఊరుకున్నా ఎవరూ తప్పు పట్టరు. ఆమె లోపలికి వచ్చి పటేలు చేతిలోని పెళ్ళను తన అరచేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"ఆముదమే పటేలా. నేను వండిందే. మీ ఇంటికి ఆముదం నేనే గద వండి ఇచ్చేది. దసరా వస్తె పెద్దపటేలు తానే నా కాడికి అచ్చేటోడు. ఇంట్ల ఉన్నది వద్దు, కొత్తది వండియ్యి, చావికి పెట్టాలె అనేటోడు. ఎవ్వలను ముట్టనియ్యకపొయ్యేది. చెప్పులిడిసి, వాకిట్ల కూసుండి, చిన్నపిల్లగానికి తానం పోసినట్టు రుద్దేటోడు. పానా అని ఎరుకున్నోడు గట్ల జేస్తడా?"

పటేలు ఆమె మొహం వైపు చూశాడు.

"అన్నకు పొలం ఇచ్చిండు," అంది ఆమె. "నీకు ఆయన దేవుణ్ణి ఇచ్చిండు. ఇగ ఏడువకు."

పటేలు అప్పుడు ఏడ్చాడు. అరవై దాటిన మనిషి, ఊరివాళ్ళ నవ్వులకు చలించని మనిషి, తువ్వాలు మొహానికి పెట్టుకుని భుజాలు అదిరేలా ఏడ్చాడు. నేను బొమ్మలు సర్దుకుంటున్నట్టు నటించాను. మా ఫొటోగ్రాఫర్ నటించలేదు, ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ పూట ఆమె కెమెరా సంచిలోనే ఉండిపోయింది.

తర్వాత మా ఆఫీసులో ఆ వస్తువును మ్యూజియానికి ఇమ్మని ఎందుకు అడగలేదని నన్ను తలంటారు. మన బీరువాలో లేనిదాన్ని చూసి కూడా వదిలేసి వచ్చావా అని. వదిలేసి వచ్చాను. మన దేశంలో దసరా నాడు పానాలకు పూజ చెయ్యని మెకానిక్ షెడ్డు ఉందా? పటేలు ఒక్కడు చేస్తే తప్పేముంది? అదీగాక, మా బీరువా ముందు ఆగేవాళ్ళ సంగతి మీకు ముందే చెప్పాను.

ఆ రోజు నివేదికలో రాయవలసింది అక్కడే రాసి, పటేలు ముందే చదివి వినిపించి, బయల్దేరదామని లేచాం. పటేలు మాతో పాటు వాకిట్లోకి వచ్చి, మాకు దండం పెట్టి, గేటు వైపు రాకుండా ఇంటి వెనక్కి నడిచాడు. ఏమిటో అని మేమూ వెళ్ళాం. ముసలమ్మ వెనకగోడ పక్కన నడుము లోతు గొయ్యి. గోడకు పైనుంచి కిందిదాకా నెర్రె. పటేలు ధోతి ఎగ్గట్టి, పార తీసుకుని, గట్టున పోసిన మట్టిని గోతిలోకి తోయడం మొదలుపెట్టాడు. మా డ్రైవర్ సాయం చెయ్యబోతే వద్దని చెయ్యి ఊపాడు.

ముసలమ్మ అరుగు మీద నిలబడి కాసేపు చూసింది.

"పటేలా, ఊకె మట్టి పోస్తె కాదు. దిగి తొక్కాలె. లేకుంటె వానకు కుంగుతది."

పటేలు పార పక్కన పెట్టి, చెప్పులు విడిచి, గోతిలోకి దిగాడు. ఆమె చాలు అనేదాకా తొక్కాడు.